ఇటాలియన్ ‘అవాన్‌త్సొ’కి మన ‘మిగులు’ సరిపోతుందా?

యూనివర్సిటీలో ఇటాలియన్ రెండో ఏడు చదువుతున్నాను. ఈ సెమిస్టర్ పాఠాలన్నీ పర్యావరణం మీదే. మొదటి వారమంతా ‘సొస్తెనీబిలె’ అనే మాట చుట్టూ తిరిగాం. నోట్సులో ‘సుస్థిర’ అని రాసుకున్నాను గానీ, ఆ మాట వింటే నాకు ప్రభుత్వ పథకం బోర్డే గుర్తొస్తుంది. అసలు క్రియ ‘సొస్తెనేరె’. కింద నుంచి పట్టి నిలపడం, భరించడం. ఇటలీ విద్యార్థులు పరీక్ష రాయడానికీ ఇదే క్రియ వాడతారు. ఆ భరించడం మనకూ తెలిసిందే!

నిజానికి ఆ వారం క్లాసులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రెండో వారం టీచర్ ఇటలీలోని టస్కనీ ప్రాంతపు వంటల ప్రస్తావన తెచ్చారు. ‘రిబొల్లీతా’ అంటే మళ్ళీ మరిగించినది. బీన్స్, ఆకుకూరలు, ఎండిపోయిన రొట్టె వేసిన సూప్‌ని మర్నాడు మళ్ళీ కాస్తారు. ‘పాన్‌త్సనెల్లా’కీ గట్టిపడ్డ రొట్టే కావాలి. నానబెట్టి, నీళ్ళు పిండేసి, టమాటా, ఉల్లిపాయ, ఆలివ్ నూనె కలుపుతారు. ఇంకేం, అందరికీ నోళ్ళు వచ్చాయి. నేను చద్దన్నం ఎత్తుకున్నాను. ‘మా అమ్మమ్మ చేసేది’ అనడానికి ఇటాలియన్‌లో ‘ఇంపెర్‌ఫెత్తొ’ అనే భూతకాలం వాడాలి. అందరూ తికమకపడే ఆ కాలం నాకు ఇట్టే పట్టుబడింది, మన ‘చేసేది, తినేవాళ్ళం’ అచ్చం అదే కదా.

ఇప్పుడు సందేహం. మిగిలిన అన్నం, కూరల్ని అక్కడ ‘అవాన్‌త్సి’ అంటారు (ఏకవచనం అవాన్‌త్సొ). దాని క్రియ ‘అవన్‌త్సారె’కి మిగలడం అనే అర్థమూ ఉంది, ముందుకు సాగడం అనే అర్థమూ ఉంది. తెలుగులో రెండూ పలికే మాట ఉందా?

జవాబు: ముందుకు సాగడం రాదు గానీ, దగ్గరి చుట్టం ఉంది. పాత ఉత్తరాల్లో ‘మిగుల సంతోషించితిమి’ అని రాసేవారు చూడండి, అక్కడ మిగుల అంటే ఎక్కువగా. ‘మిగులు’కి మిగలడమే కాదు, అతిశయించడం కూడా అర్థమే. మిక్కిలి కూడా ఆ కుదురుదే. అందుకే ‘మిగులు బడ్జెట్’లో ఎంగిలి వాసన రాదు.

ఇంకో జవాబు: ఇటాలియన్‌లోనూ బడ్జెట్ మిగులుని అవాన్‌త్సొ అనే అంటారు! కానీ ఆహార వృథా తగ్గించడానికి అక్కడ 2016లో తెచ్చిన 166వ నంబరు చట్టంలో ‘ఎచ్చెదెన్‌త్సె’ అని రాశారు. అమ్ముడుపోని సరుకుని దానం చేయడం గురించి కదా. ఆ మాటకి మాత్రం ‘అదనం’ బాగుంటుంది.

మొదట అడిగింది నేనే: అయితే దుకాణంలో ఉండిపోతే అదనం, మా వంటింట్లో ఉండిపోతే మిగులు. బాగుంది. సోమవారం క్లాసులో ‘మిగులు బడ్జెట్’ చెప్తాను. చద్దన్నం పులవడాన్ని ఇటాలియన్‌లో ఏమంటారో ఎవరైనా చెప్పండి, పోయినసారి అక్కడే నోరు మూతపడింది.