పాలిఇమైడ్ పొర రుద్దాక లిక్విడ్ క్రిస్టల్ సెల్‌లో వెలుతురు గీతలు, కారణం ఏమై ఉంటుంది?

ఐటీఓ (విద్యుత్తును పోనిచ్చే పారదర్శక పూత) ఉన్న గాజు పలకల మీద, లిక్విడ్ క్రిస్టల్ అణువులను ఒకే దిశలో అమర్చడానికి వాడే పాలిఇమైడ్ అనే పాలిమర్‌ను స్పిన్ కోటింగ్ చేసి (పలకను వేగంగా తిప్పి పలుచగా పరిచి), 230 డిగ్రీల దగ్గర గంటసేపు ఓవెన్‌లో ఉంచి, వెల్వెట్ గుడ్డతో ఒకే దిశలో రుద్దుతున్నాను. అలాంటి రెండు పలకల మధ్య సన్నటి ఖాళీ ఉంచి సెల్ కట్టి, 5సీబీ అనే లిక్విడ్ క్రిస్టల్ నింపాక, ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన పోలరైజర్ల (ఒకే దిశలో కంపించే కాంతిని పోనిచ్చే ఫిల్టర్ల) మధ్య, రుద్దిన దిశను ఒక పోలరైజర్ దిశకు కలిపి చూస్తే పూర్తిగా నల్లబడాలి కదా. కానీ రుద్దిన దిశలోనే సన్నటి వెలుతురు గీతలు కనిపిస్తున్నాయి.

నింపేటప్పటి ప్రవాహం వల్లేమో అనుకుని 40 డిగ్రీల దగ్గర, అంటే 5సీబీ మామూలు ద్రవంగా మారాక నింపి, నెమ్మదిగా చల్లార్చాను. అయినా పోలేదు. అందుకే లోపం పొరలోనే ఉందనిపిస్తోంది. ఒత్తిడి ఎక్కువై పొర గీసుకుపోతోందా, లేక స్థిర విద్యుత్తుకు అంటుకున్న నూగు వల్లా? ఏది కారణమో తేల్చుకోవడం ఎలా? రెండు నెలలుగా ఇదే టెన్షన్. రుద్దడం మానేసి, పోలరైజ్డ్ అతినీలలోహిత కాంతితో అమరే పాలిమర్లకు మారినవాళ్లుంటే, వేడికి ఆ అమరిక నిలిచిందో లేదో దయచేసి చెప్పండి.