నెలసరికి ముందు పది రోజులు నేను నేనులా ఉండను, ఎవరికి చూపించుకోవాలి?
నాకు 29 ఏళ్లు. ప్రతి నెలా పీరియడ్స్‌కి పది రోజుల ముందు నుంచి ఊరికే ఏడుపు, పట్టలేని కోపం, అసలు ఎందుకు బతుకుతున్నానా అనే ఆలోచన. మొన్న అమ్మ మీద కూడా అరిచేశాను. బ్లీడింగ్ మొదలైన రెండో రోజుకే మబ్బు విడిపోయినట్టు మామూలైపోతాను. దగ్గర్లోని డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాసి, పెళ్లయితే సర్దుకుంటుందన్నారు. చాలా బాధేసింది.

ఇది పీఎండీడీ (నెలసరికి ముందు మనసును తీవ్రంగా కుంగదీసే సమస్య) అని నా అనుమానం. నిర్ధారణకు కనీసం రెండు నెలలు రోజూ లక్షణాలు రాసుకోవాలట. నెలన్నరగా క్యాలెండర్‌లో రాస్తున్నాను. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రలిన్ లాంటి మందులు నెలసరికి ముందు రెండు వారాలే వాడినా పనిచేస్తాయని చదివాను. అలా వాడినవారు ఉన్నారా? ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలా, సైకియాట్రిస్టు దగ్గరికా? మరీ కష్టమైన రోజు కోసం టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు ఫోన్‌లో పెట్టుకున్నాను. కానీ ఇంట్లోవాళ్లకి ఇది ఎలా చెప్పాలి? మీరెలా చెప్పారు?