జెన్ 6 ఎస్‌ఎస్‌డీ కోసం ఆగాలా, ఇప్పుడున్నది కొనేయాలా?

పాలకొల్లు, వీడియో స్టూడియో:
అందరికీ నమస్కారం. పెళ్ళి వీడియోల ఎడిటింగ్ సిస్టమ్‌కి కొత్త ఎస్‌ఎస్‌డీ వెయ్యాలండి. ఐ5 12400, బీ660 బోర్డు, 32 జీబీ ర్యామ్. మొదటి ఎం.2 స్లాట్‌లో (బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ గుచ్చే చోటు) విండోస్ ఉన్న 512 జీబీ జెన్ 3 (పీసీఐఈ అనే డేటా దారిలో మూడో తరం) డ్రైవ్, రెండోదాంట్లో 1 టీబీ క్యూఎల్‌సీ. ఒక్కో పెళ్ళికి 4కే ఫుటేజీ 400 జీబీ దాకా వస్తుంది. కార్డు నుంచి కాపీ పెడితే మొదట సెకనుకు 250 ఎంబీ చూపిస్తోంది, 100 జీబీ దాటేసరికి 80కి పడిపోతోంది. జెన్ 6 వస్తోందంటున్నారు. మాఘమాసం ముహూర్తాల్లోపు జెన్ 5 తీసేసుకోమంటారా, ఇంకొన్నాళ్ళు ఆగమంటారా?

భీమవరం, కంప్యూటర్ సర్వీస్:
ఆగకండి. అలాగని జెన్ 5 కూడా వద్దు.

జెన్ 6 ప్రమాణం 2022 జనవరిలోనే ఖరారైంది. సెకనుకు 28 జీబీ చదివే జెన్ 6 డ్రైవులు సర్వర్ల కోసం బయటికొచ్చాయి కూడా. ఇళ్ళల్లో, షాపుల్లో వాడే ప్రాసెసర్లు మాత్రం ఇంటెల్‌వైనా ఏఎండీవైనా జెన్ 5 దగ్గరే ఉన్నాయి. జెన్ 6లో ఒక్కో సిగ్నల్‌కి రెండు మెట్ల బదులు నాలుగు వోల్టేజీ మెట్లు ఉంటాయి. మెట్టుకీ మెట్టుకీ తేడా అంత సన్నగా ఉన్నప్పుడు ప్రాసెసర్ నుంచి స్లాట్ దాకా బోర్డు మీద గీతలు పొట్టిగా, బోర్డు సరుకు మేలైనదిగా ఉండాలి. సర్వర్ బోర్డు ఆ ఖర్చు మోస్తుంది, మన బోర్డులు మొయ్యవు. కాబట్టి మీ అవసరానికి అది అందేది కాదు.

ఇక మీ బోర్డు సంగతి. 12400 ప్రాసెసర్ ఎం.2కి ఇచ్చేవి నాలుగు జెన్ 4 లేన్లు (డేటా నడిచే వరసలు). జెన్ 5 డ్రైవ్ పెట్టినా పనిచేస్తుంది గానీ 14,000 ఎంబీ అని డబ్బా మీద రాసినది మీ దగ్గర 7,000 దగ్గరే ఆగిపోతుంది.

అసలు మీ జబ్బు స్పీడు కాదండి, క్యూఎల్‌సీ. అందులో ఒక్కో సెల్‌లో, అంటే డేటా దాచే గడిలో, నాలుగు బిట్లు నింపడం నిదానమైన పని. అందుకని డ్రైవ్ ఖాళీ సెల్స్‌లో ముందు ఒక్కో బిట్టే గబగబా రాసుకుంటుంది. అదే ఎస్‌ఎల్‌సీ క్యాష్. 100 జీబీ అలా రాయాలంటే 400 జీబీ ఖాళీ చోటు ఖర్చవుతుంది. అది అయిపోయాక నేరుగా నాలుగేసి బిట్లు రాయాలి, పైగా ముందు రాసినవి సర్దుకోవాలి. అప్పుడు హార్డ్‌డిస్క్ కంటే అధ్వానం. మీ డ్రైవ్ దాదాపు సగం నిండి ఉందని ఆ 100 జీబీ అంకెను బట్టే తెలుస్తోంది. అవునా?

పాలకొల్లు, వీడియో స్టూడియో:
అవునండి, 450 జీబీ ఖాళీ ఉంది. కార్డ్ రీడర్ యూహెచ్‌ఎస్-2 (వేగమైన మెమరీ కార్డుల రకం), వెనక నీలం యూఎస్‌బీ 3 పోర్టుకే పెడుతున్నాను. అయితే కొత్త డ్రైవ్‌తో ఎంత కలిసొస్తుంది?

భీమవరం, కంప్యూటర్ సర్వీస్:
లెక్క చూడండి. మొదటి 100 జీబీ 250 చొప్పున ఏడు నిమిషాలు, మిగతా 300 జీబీ 80 చొప్పున గంట పైమాట. మొత్తం గంటా పది నిమిషాలు. టీఎల్‌సీ (సెల్‌కి మూడు బిట్లే రాసేది) డ్రైవ్ అయితే చివరిదాకా 250 నిలబడుతుంది, 27 నిమిషాల్లో తేలిపోతుంది. జెన్ 4 పెట్టినా జెన్ 5 పెట్టినా అవే 27 నిమిషాలు, ఎందుకంటే ఇక్కడ గేటు కార్డు దగ్గరే ఉంది. యూహెచ్‌ఎస్-2 గరిష్ఠంగా 312, మామూలు యూహెచ్‌ఎస్-1 అయితే 104 దాటదు. ఎవరైనా రీడర్‌ని క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ 2 పోర్టుకి పెట్టి ఎస్‌ఎస్‌డీని తిట్టుకుంటుంటే ముందు ఆ పోర్టు మార్చండి. అక్కడ 40 కూడా రాదు.

మీకు సరిపోయేది 2 టీబీ, టీఎల్‌సీ, జెన్ 4, డీర్యామ్ (డ్రైవ్‌కి సొంత మెమరీ) ఉన్నది. ఈ తరగతి డ్రైవులకు 1,200 టీబీడబ్ల్యూ, అంటే మొత్తం 1,200 టీబీ రాసేదాకా వారంటీ మామూలే. పెళ్ళికి ఫుటేజీ, రెండర్ ఫైళ్ళు కలిపి 800 జీబీ, ఏడాదికి 60 పెళ్ళిళ్ళు అనుకుంటే 48 టీబీ. పాతికేళ్ళకు గానీ అది అయిపోదు. 220 టీబీడబ్ల్యూ ఉన్న 1 టీబీ క్యూఎల్‌సీ అయితే అదే పనికి నాలుగున్నరేళ్ళు.

ధర తగ్గుతుందని చూడకండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు ఫ్లాష్ చిప్పులన్నీ ఊడ్చుకుపోవడంతో రేట్లు పైకే పోయాయి.

కాకినాడ, హార్డ్‌వేర్:
ఒక్క మాట కలుపుతాను. బోర్డు కూడా మార్చే ఆలోచన ఉన్నవాళ్ళకి జెన్ 5 మరీ తీసిపారేసేది కాదు. మొదట వచ్చిన జెన్ 5 డ్రైవుల కంట్రోలర్ (డ్రైవ్‌ని నడిపే చిప్) 12 నానోమీటర్లది, పది వాట్ల పైన తాగేది, చిన్న ఫ్యాన్ కూడా తగిలించి అమ్మారు. ఇప్పుడు 6 నానోమీటర్ల కంట్రోలర్లు అదే స్పీడు బాగా తక్కువ కరెంటుతో ఇస్తున్నాయి. తీసుకుంటే ఈ 6 నానోమీటర్లవే తీసుకోండి. ఇంటెల్ 12, 13, 14 తరాల బోర్డుల్లో జెన్ 5 ఎం.2 ఉందని చెబితే మాన్యువల్ తెరిచి చూడండి. చాలావాటిలో అది గ్రాఫిక్స్ కార్డు లేన్లలో సగం లాక్కుంటుంది.

రోహిణి కార్తెలో ఏసీ లేని గది నలభై దగ్గరుంటుంది, క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. డ్రైవ్ 80 డిగ్రీలు దాటితే తనంతట తనే నెమ్మదిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు కింద నలిగే స్లాట్‌లో రాసే డ్రైవ్ పెట్టొద్దు. హీట్‌సింక్ బిగించేటప్పుడు థర్మల్ ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర పీకండి. కొత్త సిస్టమ్ వేడెక్కుతోందని తెచ్చేవాటిలో ఎక్కువగా కనబడేది ఈ పొరే, ప్యాడ్‌కీ చిప్‌కీ మధ్య మెరుస్తూ అలాగే ఉంటుంది.

మండపేట, రైస్‌మిల్లు లెక్కలు:
మాది హెచ్81 బోర్డు, నాలుగో తరం ఐ3. అకౌంట్స్ నడుస్తాయి. 240 జీబీ సాటా (పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ ఉంది. అడాప్టర్ కార్డు పెట్టి ఎన్‌వీఎంఈ (పీసీఐఈ దారిలో నడిచే ఎస్‌ఎస్‌డీ) వేసుకోవచ్చంటున్నారు, నిజమేనా?

కాకినాడ, హార్డ్‌వేర్:
వేసుకోవచ్చు, లాభం లేదు. హెచ్81లో చిన్న స్లాట్ జెన్ 2, ఒకే లేను. సెకనుకు 400 ఎంబీ చుట్టూ వస్తుంది, మీ సాటా 550 ఇస్తోంది. అప్పటి బయోస్ ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కూడా కాదు. పైగా అకౌంట్స్ పని అంటే చిన్న చిన్న రికార్డులు ఒకదాని తర్వాత ఒకటి చదవడం. అందులో జెన్ 3 సెకనుకు 60 ఎంబీ ఇస్తే జెన్ 5 నూటికి అటూ ఇటూ ఇస్తుంది. తరం మారినప్పుడల్లా రెట్టింపయ్యేది పెద్ద ఫైళ్ళ స్పీడే.

ఆ డబ్బుతో 600 వీఏ యూపీఎస్ కొనండి. మామూలు ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయిన క్షణాన్ని కాచే కెపాసిటర్లు ఉండవు. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టిక రాస్తుండగా కరెంటు పోతే డ్రైవ్ మొత్తం కనబడకుండా పోవచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ప్రోగ్రామ్‌లో హెల్త్ శాతంతో పాటు హఠాత్తుగా కరెంటు పోయిన లెక్క కూడా చూపిస్తుంది, చూసుకోండి. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మీ ప్రాసెసర్‌కి విండోస్ 11 అర్హత లేదు. తర్వాతి ఖర్చు పెడితే కొత్త సిస్టమ్ మీదే పెట్టండి బాబూ.

పాలకొల్లు, వీడియో స్టూడియో:
2 టీబీ టీఎల్‌సీ ఆర్డర్ పెట్టేశాను. ఏ స్లాట్‌లో వెయ్యాలండి? మళ్ళీ విండోస్ వెయ్యాలా?

భీమవరం, కంప్యూటర్ సర్వీస్:
అక్కర్లేదు. ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. రెండో స్లాట్‌లోని క్యూఎల్‌సీ తీసేసి విండోస్ డ్రైవ్‌ని అక్కడికి మార్చండి, ప్రాసెసర్ పక్కనున్న మొదటి స్లాట్ కొత్తదానికి. 30 డిగ్రీల వాలులో గుచ్చి, నొక్కి, స్క్రూ వేళ్ళతో బిగిసేంత చాలు. కింద 80 మిల్లీమీటర్ల దగ్గర స్టాండాఫ్ (స్క్రూ దిగే చిన్న గుంజ) ఉందో లేదో ముందే చూసుకోండి, లేకుండా బిగిస్తే డ్రైవ్ వంగుతుంది. బూట్ కాకపోతే బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి తెచ్చుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కొత్తదానికి జీపీటీ (పార్టిషన్ పట్టిక రకం) ఎంచుకుని ఫార్మాట్ చెయ్యండి. ఎప్పుడూ ఐదో వంతు ఖాళీ ఉంచండి.

అమలాపురం, డేటా రికవరీ:
ఫైనల్ అయిన పెళ్ళిళ్ళు ఎస్‌ఎస్‌డీలో పెట్టి బీరువాలో దాచొద్దండి. రాత పరిమితి అయిపోయిన మామూలు డ్రైవ్, కరెంటు లేకుండా 30 డిగ్రీల్లో ఏడాది డేటా నిలుపుకోవాలన్నది పరిశ్రమ ప్రమాణం. కొత్తది అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది గానీ, వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తరుగుతుంది. మన ఎండలు తెలిసినవే. దాచేవి రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, ఏటిగట్టు దగ్గరైతే మేడ మీద.

పాలకొల్లు, వీడియో స్టూడియో:
ఆయ్, అలాగే చేస్తాను. మరి ఆ పాత క్యూఎల్‌సీ పారేయడమేనా?

భీమవరం, కంప్యూటర్ సర్వీస్:
ఎందుకండీ, చదవడంలో దానికేం లోటు లేదు. 10 జీబీపీఎస్ యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ని బయట వాడుకునే డబ్బా) పెట్టి ఆల్బమ్ టెంప్లేట్లు, టైటిళ్ళు, సన్నాయి ట్రాకులు అందులో వేసుకోండి. ఎన్‌వీఎంఈకి వచ్చే ఎన్‌క్లోజరే అడగండి, సాటా ఎం.2ది అంటగడితే డ్రైవ్ కనబడదు.