వేయని ఎత్తుతో డ్రా అడగొచ్చా?

ప్రశ్న: క్లబ్ చెస్ టోర్నీలో నావి తెల్లపావులు, ఒక బంటు ఎక్కువ. నా రాజు డి5లో, బంటు ఇ5లో, ఏనుగు ఏ7లో. నల్లరాజు ఇ8లో, ఏనుగు బి6లో. నా ఏనుగు ఒకసారి హెచ్7కి, ఇంకోసారి సి7కి వెళ్లి ఏ7కే వచ్చింది. నల్ల ఏనుగు రెండుసార్లూ జి6కి వెళ్లింది. అది రెండోసారి బి6కి రావాల్సినప్పుడు నా ప్రత్యర్థి ఎత్తు వేయకుండా స్కోర్ షీట్‌లో రాసి, క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ని (ఆట తీర్పరిని) పిలిచారు. డ్రా ఇచ్చేశారు! మధ్యలో ఎత్తులు వేరు కదా, పైగా ఆ స్థితి మూడోసారి బోర్డు మీదికి రానేలేదు. ఇది సరైనదేనా?

జవాబు: సరైనదేనండీ. ఒకే స్థితి మూడోసారి వస్తే డ్రా అడగొచ్చనే ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమం చూసేది బోర్డు మీది స్థితిని, మధ్యలో వేసిన ఎత్తుల్ని కాదు. పావులన్నీ అవే గళ్లలో ఉండి, ఆడాల్సింది అదే ఆటగాడై, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం), ఆన్‌పసాన్ (పక్క నుంచి రెండు గళ్లు దాటిన బంటుని పట్టడం) అవకాశాలు మారకపోతే చాలు. వరసగా రావాలనేమీ లేదు. తన ఎత్తుతో మూడోసారి వస్తుందంటే దాన్ని వేయకుండా ముందు రాయాలి, రాశాక మార్చకూడదు. ఆయన వేసి క్లాక్ నొక్కి ఉంటే అడిగే అవకాశం మీకు వచ్చేది. లెక్క తప్పయి ఉంటే మీకు 2 నిమిషాలు కలిసేవి, ఆయన రాసిన ఎత్తే ఆడాల్సి వచ్చేది. ఎవరూ అడగకపోతే ఆట సాగుతుంది. అయిదోసారి వస్తే మాత్రం ఆర్బిటరే ఆపేస్తారు.

ప్రశ్న: రూల్ అర్థమైంది, థాంక్సండీ. కానీ మనసు ఒప్పుకోవట్లేదు. బంటుని ఇ6కి తోసి ఉంటే గెలిచేవాడినా?

జవాబు: లేదండీ, ఆయన సరిగ్గా ఆడితే డ్రానే. ఇది 1777లోనే ఫ్రెంచ్ చెస్ ఆటగాడు ఫిలిడార్ చూపించిన రక్షణ. ఆరో వరసలో నల్ల ఏనుగు ఉన్నంతసేపూ మీ రాజు ముందుకు రాలేడు. బంటు ఇ6కి వెళ్లగానే అది బి1కి దిగిపోతుంది. మీరు రాజుని డి6కి తెచ్చి ఏ8లో మాట్ బెదిరిస్తారు, అది డి1 నుంచి చెక్ ఇస్తుంది. ఇ5కి వస్తే ఇ1 నుంచి, ఎఫ్6కి వెళ్తే ఎఫ్1 నుంచి. ఇ6 గడిలో బంటే ఉంది కాబట్టి రాజుకి అక్కడ చాటు దొరకదు. ఎంత అందమైన రక్షణో బోర్డు మీద పెట్టి చూడండి. ఆయన ఏనుగు తొందరపడి ముందే బి1కి దిగి ఉంటే మీకు ఆశ ఉండేది. అప్పుడు మీ రాజు బంటు ముందు ఇ6లో దూరేవాడు, ఆయనకి డ్రా చేసుకోవడం చాలా కష్టమయ్యేది.

గెలుపు దారి వెతకాల్సింది అంతకుముందు. నల్లరాజు ఇ8కి చేరకముందే దాన్ని మీ ఏనుగుతో పక్క నిలువు వరసల్లో ఆపేయగలిగేవారా? ఆ భాగం ఎత్తులు పెట్టండి, కలిసి చూద్దాం.