టీబీ మాత్రలు రోజూ మింగకుండా నానో మందు ఏమైనా ఉందా?

రమణి_ఏలూరు:
అమ్మకు టీబీ. ఆరు నెలల కోర్సులో ఇది మూడో నెల. పరగడుపున మాత్రలు వేసుకుంటే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పుతూనే ఉంటుంది. ఒంట్లో కరిగిపోయే నానో కణాల్లో మందు పెట్టి ఇస్తారని విన్నాను. నిజమేనా?

ల్యాబ్_కిరణ్:
అక్కా, నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు దీనిమీదే. కణాలను పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో చేస్తాం. ఆపరేషన్లలో వేసే కరిగే కుట్లలో కొన్ని ఈ జాతివే. ఒంట్లో మెల్లగా విడిపోయి లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా మారుతుంది. టీబీ బ్యాక్టీరియా మన ఒంటి రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లలోనే దాక్కుంటుంది. ఆ కణాలకు బయటి రేణువులను మింగే గుణం ఉంది కాబట్టి మందు కూడా అక్కడికే చేరుతుంది.

చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో ఖుల్లర్ గారి బృందం 2003లో గినీ పందులకు మూడు టీబీ మందులున్న కణాలను నెబ్యులైజర్‌తో ఇచ్చింది. పది రోజులకోసారి ఐదు డోసులతోనే ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా కనిపించకుండా పోయింది. మామూలు మందులు నోటి ద్వారా అయితే 46 రోజులు ఇవ్వాల్సి వచ్చింది. ఇది చదివాకే ఈ ప్రాజెక్టు తీసుకున్నాను.

నన్ను ఏడిపించింది ఐసోనియాజిడ్ అనే టీబీ మందు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది కదా, కణాలు తయారవుతుండగానే బయటికి జారిపోయేది. లోపల నిలిచిన కాస్తలో కూడా చాలా భాగం మొదటి రోజే వచ్చేసేది. రిఫాంపిసిన్ అనే ఇంకో టీబీ మందుతో ఇంత ఇబ్బంది లేదు.

సుజాత_హైదరాబాద్:
2021 మేలో మావారికి బ్లాక్ ఫంగస్. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ దొరక్క ముందు మామూలు యాంఫోటెరిసిన్ ఎక్కించారు. విపరీతమైన చలి, వణుకు. నాలుగో రోజుకి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. ఊరంతా తిరిగి లైపోసోమల్ తెచ్చాక కిడ్నీలు కుదుటపడ్డాయి. అది ఫంగస్ మందే, పాలిమర్ కూడా కాదు, కొవ్వు బుడగలు. కానీ మందును దేంట్లో పెట్టి పంపుతున్నాం అన్నదానికి ఎంత తేడా ఉంటుందో కళ్లారా చూశాను.

ల్యాబ్_కిరణ్:
అవును మేడమ్. అలాంటి కొవ్వు బుడగల్లోనే అమికాసిన్ యాంటీబయాటిక్‌ను పీల్చే మందుగా 2018లో అమెరికాలో అనుమతించారు. అది ఎంఏసీ అనే మొండి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కి, టీబీకి కాదు.

రమణి_ఏలూరు:
మరి అమ్మకు ఇప్పుడు ఏం చేయను?

స్టాఫ్‌నర్స్_ఖమ్మం:
అమ్మా, టీబీకి నానో మందు మన షాపుల్లో లేదు. ఇప్పుడిస్తున్నవి ఒక్క పూట కూడా ఆపకండి. కొంచెం టిఫిన్ తిన్నాక వేసుకోవచ్చేమో డాక్టర్‌గారిని అడగండి, మా దగ్గర చాలామందికి అలాగే సర్దుకుంది. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి.

రమణి_ఏలూరు:
కళ్లు చూశాను అక్కా, పచ్చగా లేవు. రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నాను.