ఒక్క జీతంతో ఇల్లు గడపాలంటే ఆ 22 వేలను ఎక్కడ కుదించాలి?

ప్రశ్న (బాచుపల్లి, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు అయిదేళ్లు, బాబుకు పద్నాలుగు నెలలు. పన్నులూ పీఎఫ్ పోగా మా వారికి చేతికి 92,000, నాకు 46,000 రూపాయలు వస్తాయి. బాబు బడికి వెళ్లేదాకా నేను ఉద్యోగం మాని ఇంట్లో ఉంటే బాగుంటుందని ఇద్దరం అనుకుంటున్నాం. తొందరపడి రాజీనామా ఇచ్చేకంటే, ముందే ఆ పని చేసినవారిని అడగడం మంచిదనిపించింది.

మా నెల లెక్క ఇది. ఇంటి అప్పు వాయిదా 34,000, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 3,200, కారు వాయిదా 9,800, చీటీ 10,000, పాప ఫీజు నెలకు లెక్కగడితే 6,000, సరుకులు, పాలు, కూరగాయలకు 13,000, ఊళ్లో ఉన్న అత్తమామలకు పంపేది 8,000. మొత్తం 84,000. ఇవి కాక, నేను ఉద్యోగానికి వెళుతున్నందువల్లనే పెట్టవలసి వస్తున్న ఖర్చులు వేరే ఉన్నాయి: బాబు డేకేర్‌కు 11,000, బడి వదిలాక పాపను అక్కడే ఉంచుకునేందుకు 5,500, ఉదయం వంట చేసే ఆవిడకు 6,000, నా రాకపోకలకు 4,500, సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేని రోజుల్లో బయటినుంచి తెప్పించుకునే తిండికి దాదాపు 5,000. అంటే నా 46,000లో 32,000 నా ఉద్యోగమే తినేస్తోంది, నికరంగా ఇంటికి మిగులుతున్నది 14,000.

ఇవన్నీ పోగా మిగిలే 22,000 కరెంటు, గ్యాస్, ఫోన్లు, పెట్రోలు, డాక్టరు, బట్టలు, పెళ్లిళ్లు, ప్రయాణాలకు పోతోందని ఊహే తప్ప, దేనికి ఎంత పోతోందో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఒక్క జీతంతో గడపాలంటే దీన్ని 8,000లోకి తేవాలి. అది సాధ్యమేనా? దేన్ని ముందు తగ్గించాలి, దేన్ని ముట్టుకోకూడదు?

జవాబు 1 (వనస్థలిపురం)

అమ్మా, నేను నాలుగేళ్ల క్రితం మానేశాను. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో 22,000ను 8,000 చేయడం కాగితం మీద తప్ప జరగదు. వానాకాలంలో పిల్లలకు రెండుసార్లు జ్వరం వస్తే సగం అక్కడే పోతుంది. మీరు చిల్లర ఖర్చుల వైపు చూస్తున్నారు కానీ, చూడవలసింది ఆ 84,000 వైపు. కారు రోజూ ఎవరు వాడతారో మీరు రాయలేదు. మేము అమ్మేశాం. వాయిదాతో పాటు పెట్రోలు, బీమా, సర్వీసింగ్ కూడా పోయాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి, పిల్లలతో పుట్టింటికి వెళ్లడానికి నాకు పైసా ఖర్చు కావడం లేదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వస్తే ఆటోయో క్యాబో పిలుస్తాం. నాలుగేళ్లలో అలాంటి రాత్రులు మూడు వచ్చాయి.

పగలంతా ఇంట్లో మనిషి ఉంటే కరెంటు పెరుగుతుందన్న మాట నాకు ముందు ఎవరూ చెప్పలేదు. మన దగ్గర నెలకు వంద యూనిట్లు దాటినా 200 దాటనంతవరకు మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, తరువాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. దాటిందంటే మొదటి యూనిట్ నుంచే 5.10, 200 పైన 300 దాకా 7.70 వేస్తారు. అంటే స్థిర ఛార్జీలు వదిలేసినా, 200 యూనిట్లకు 820 అయ్యే మొత్తం 210 యూనిట్లకు 1,097 అవుతుంది. పది యూనిట్లకు 277 రూపాయలు! అందుకే ప్రతి ఆదివారం మెట్లకింద మీటరు చూసి క్యాలెండర్ మీద అంకె రాసుకుంటాను. మూడో ఆదివారానికి 150 దాటితే గీజరు బంద్, గ్యాస్ మీద నీళ్లు.

సరుకుల్లో ఆశపడి ఎక్కువ కొనకండి. బియ్యం బస్తా పరవాలేదు (25 కిలోలు, అంతకు లోపు ప్యాకెట్లపై 2022 జూలైలో 5 శాతం జీఎస్టీ వేయడంతో ఒక కిలో కలిపి 26 కిలోల బస్తాలు చేసిన మన మిల్లర్ల తెలివికి నమస్కారం), కానీ పప్పులు వద్దు. చవకగా వస్తోందని పదిహేను కిలోల కందిపప్పు ఒకేసారి కొని, ఆగస్టులో డబ్బా మూత తీసేసరికి పప్పంతా పురుగు పాకుతుంటే, రెండు రోజులు డాబా మీద దుప్పటి పరిచి చేటతో చెరుగుతూ కూర్చున్నాను. ఆ సంవత్సరం పప్పులో నాకు మిగిలింది ఏమీ లేదు. కూరగాయలకు మాత్రం వారానికోసారి రైతుబజారుకు వెళ్లడం నిజంగా కలిసివచ్చింది.

మానేసే ముందు మూడు నెలలు ఒక పని చేయండి. మీ జీతం పడిన రోజే అందులో 14,000 తీసి ముట్టుకోని ఖాతాలో వేసి, మిగతాదానితో ఇల్లు నడపండి. డేకేర్ ఖర్చు ఎలాగూ ఇప్పుడు నడుస్తోంది కాబట్టి, మీకు రాబోయే లోటు సరిగ్గా అంతే.

జవాబు 2 (విజయవాడ)

ప్రశ్న అడిగిన సోదరికి నమస్కారం. నేను నలభై ఏళ్లుగా లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను. మీ పద్దులో రెండు అంకెలు రాయలేదు. ఒకటి పీఎఫ్. 15,000 మూలవేతనంపై 12 శాతం అన్న కనీస లెక్కన చూసినా, మీ వాటా 1,800, సంస్థ వాటా 1,800 ప్రతి నెలా మీ పేరున జమ అవుతున్నాయి. కాబట్టి మీరు వదులుకుంటున్నది 14,000 కాదు, 17,600. మానిన తరువాత ఆ సొమ్మును తీయకుండా ఉంచితే వడ్డీ చేరుతూనే ఉంటుంది, కాకపోతే ఉద్యోగం మానినప్పటినుంచి చేరే వడ్డీపై పన్ను ఉంటుంది. సంస్థ వాటాలో పింఛనుకు వెళ్లే భాగాన్ని మాత్రం తొందరపడి వెనక్కి తీసుకోకండి. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మీది పదేళ్ల లోపైతే, సొమ్ముకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ (మీ సర్వీసు కాలాన్ని చూపే పత్రం) తీసుకున్నట్లయితే, మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సంవత్సరాలు కలుస్తాయి.

రెండవది ఆరోగ్య బీమా. మీ అత్తమామలు మీ సంస్థ పాలసీలో ఉన్నారేమో చూడండి. ఉంటే, మీ రాజీనామాతో అది పోతుంది. కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ వంటి వాటికి మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం (ఆ జబ్బులకు బీమా సొమ్ము ఇవ్వని కాలం) పెట్టవచ్చు కనుక, ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోవడం మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేకపోవడం కొంత ఊరట.

కారు గురించి పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను, కానీ అప్పు మిగిలి ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చేదాకా పేరు మార్పిడి జరగదు. అమ్మకం ధర మిగిలిన అప్పుకు సరిపోతుందా అన్నది ముందు తేల్చుకోండి. చీటీ ఇంకా పాడుకోనట్లయితే చివరిదాకా ఉండండి. ఆ సొమ్మును ఆరు నెలల ఇంటి ఖర్చుగా విడిగా పెట్టాలి. ఒకే జీతం మీద నిలబడిన ఇంటికి అదే ఆధారం. ఇంకొక మాట. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్న నియమం 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. మీ సంస్థను ఎప్పుడైనా అడిగారా?

జవాబు 3 (హనుమకొండ)

మా ఇంట్లో ఉద్యోగం మాని ఆగినవాణ్ణి నేను. నా భార్యది బ్యాంకు ఉద్యోగం, నాది ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ పని. జీతాలు పక్కపక్కన రాసి చూస్తే ఎవరు ఆగాలో చర్చే అవసరం లేకపోయింది. రెండేళ్లు ఉన్నాను. డబ్బు తగ్గడానికి త్వరగానే అలవాటుపడ్డాను కానీ, చెప్పుల కోసం నాలుగు వందలు అడగవలసి రావడానికి అలవాటుపడలేకపోయాను. మూడో నెలలో ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: జీతం పడిన రోజే చెరి రెండు వేలు, దేనికి పెట్టావని ఒకరినొకరు అడగకూడదు. ఎంత పిసినారిగా పద్దు వేసుకున్నా ఆ వరుసను మాత్రం కొట్టేయకండి.

తిరుగు జవాబు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. పన్నెండు రోజులుగా ప్రతి రూపాయీ రాస్తున్నాం. ఊహించని సంగతి ఏమిటంటే, పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లో గత నెల 41 ఆర్డర్లు ఉన్నాయి. కొత్తిమీర కోసం తెరిచి ఐస్‌క్రీమ్, చిప్స్, పాపకు స్టిక్కర్లు కలిపి 380 బిల్లు చేసిన రోజులూ ఉన్నాయి. సరుకుల 13,000లో ఇది లేదు. ఆ 22,000లో 7,300 ఇదే. మా వారు తన ఫోన్లోనుంచి ఆ యాప్ తీసేశారు. నా ఫోన్లో ఇంకా ఉంది, నిజం చెప్పాలి కదా.

మేము కారు వాడేది ఆదివారాలే. అడిగి చూస్తే వచ్చే ధర అప్పుకు సరిపోయి కొద్దిగా మిగిలేలా ఉంది. చీటీ ఇంకా పాడుకోలేదు, నవంబరుతో ముగుస్తుంది. ఈ రెండూ పోతే 84,000 కాస్తా 64,200 అవుతుంది, మా వారి జీతంలో 27,800 మిగులుతుంది, అందులోంచి అత్తమామల పాలసీ కట్టాలి. మామయ్యగారికి షుగర్ ఉంది, ఇద్దరూ నా సంస్థ పాలసీలోనే ఉన్నారు. ఇది నాకు తట్టనే లేదు. కాబట్టి రాజీనామా డిసెంబరు దాకా ఆపాను. పాలసీ కాగితాలు చేతికి వచ్చాకే ఇస్తాను. శిశు సంరక్షణ కేంద్రం గురించి నిన్న హెచ్‌ఆర్‌కు రాశాను, జవాబు ఇంకా రాలేదు.

వనస్థలిపురం అక్కగారికి ఒక్క ప్రశ్న: మా మీటర్లన్నీ సెల్లారులో తాళం వేసిన గదిలో ఉన్నాయి. ఆదివారం పూట ఆ తాళం ఎవరిని అడగాలి, వాచ్‌మన్‌నా, అసోసియేషన్ వారినా?