దసరాకు వచ్చిన చుట్టాలు, మలక్‌పేట రేసులు: ఇంటిల్లిపాదీ డబ్బు కలిపి పందెం కాయడం సమంజసమేనా?

సైదాబాద్ మేనమామ:

హైదరాబాద్ వర్షాకాలపు రేసుల్లో అన్నిటికన్నా పెద్దదైన దక్కన్ డెర్బీ మలక్‌పేటలో సాధారణంగా అక్టోబరు 2న జరుగుతుంది. గాంధీ జయంతి సెలవూ దసరా సెలవులూ దగ్గర దగ్గరగా రావడం వల్ల ఆ రోజుల్లో మా ఇల్లు చుట్టాలతో నిండుగా ఉంటుంది. మా అక్కా బావగారూ భీమవరం నుంచి వస్తారు. బావగారికి రేసులంటే ప్రాణం. ఇంతకాలం ఆయన ఒక్కరే వెళ్లి, తన డబ్బుతో తాను ఆడుకొని, చీకటి పడే వేళకు భోజనానికి వచ్చేవారు కనుక ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఈసారి ఆయన ముందుగానే ఫోన్ చేసి, ఇంట్లోని పెద్దవాళ్లందరూ తలా రెండు వేలు వేసుకొని జాక్‌పాట్ (వరుసగా ఐదు రేసుల విజేతలను ముందే చెప్పే పందెం) ఆడదామని, ఈ మధ్యనే ఉద్యోగంలో చేరిన మా అబ్బాయిని కూడా వెంట తీసుకువెళతానని చెప్పారు. మా అమ్మ తన పింఛను డబ్బులోంచి ఇవ్వడానికి సరేనన్నది, కాని ఆ సరే అన్న తీరు నాకు నచ్చలేదు. అల్లుడు అడిగినప్పుడు లేదనడం ఆమెకు చేతకాదు. నాకూ అంతే.

రేసులు మంచివా చెడ్డవా అన్నది నా ప్రశ్న కాదు. మలక్‌పేట పరిసరాల్లో పుట్టి పెరిగిన వాణ్ణి కనుక, రేసు రోజున టోట్ (క్లబ్బు తరఫున పందాలు తీసుకునే) కౌంటర్ల ముందు వరుసలనూ బుకీల బల్లల దగ్గర గుమిగూడే జనాన్నీ చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. నా ప్రశ్న ఇంకా చిన్నది: చుట్టపుచూపుగా వచ్చిన ఇంట్లో, ఆ ఇంటివాళ్ల డబ్బు కూడా కలుపుకొని పందెం కాయడం తగునా? నా మట్టుకు నాకు తగదనే అనిపిస్తోంది. పొరపాటైతే కారణాలతో చెప్పండి.

పాలకొల్లు అల్లుడు:

నేను మీ బావగారి పక్షాన మాట్లాడతాను. సంక్రాంతికి మా వైపు వచ్చిన అల్లుళ్లను కోడిపందాల బరి దగ్గరకు తీసుకువెళ్లడం మర్యాదల్లో భాగంగానే భావిస్తారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమూ 1974 నాటి జూద నిరోధక చట్టం ప్రకారమూ అది నేరమని తెలిసి కూడా ఊళ్లకు ఊళ్లు ఆ మూడు రోజులూ బరుల చుట్టూనే తిరుగుతాయి. దానితో పోలిస్తే లైసెన్సు ఉన్న రేస్‌కోర్సులో, పన్ను కట్టి, టికెట్టు తీసుకొని ఆడే పందెం ఎంతో పద్ధతైనది. మద్రాసు రేస్ క్లబ్బుకు సంబంధించిన డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని తీర్పు చెప్పింది. కాబట్టి దీన్ని పేకముక్క తిరగేసే జూదంతో ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

ఆ నైపుణ్యం ఏమిటో దగ్గర నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. రేసుకు ముందు గుర్రాలను ప్యాడక్ అనే ఆవరణలో అందరూ చూసేలా తిప్పుతారు. అప్పుడు మెడ మీదా తొడల మధ్యా తెల్లటి నురగ కట్టి, పట్టుకున్న మనిషిని పక్కకు లాగుతూ నడిచే గుర్రం పరుగు మొదలుకాక ముందే తన బలం ఖర్చు చేసుకుంటోందని అర్థం. చెవులు ముందుకు నిలిపి, పొడుగాటి అంగలతో నింపాదిగా నడిచే గుర్రం మీద బోర్డులో ధర ఎక్కువ పలుకుతున్నా, అంటే జనం దాన్ని పెద్దగా నమ్మకపోయినా సరే, నేను దాన్ని మరోసారి చూడకుండా వదలను. పైగా డెర్బీ 2000 మీటర్ల పరుగు, అందులో పరిగెత్తేవి మూడేళ్ల గుర్రాలు. వాటిలో చాలావాటికి అంత దూరం అలవాటు ఉండదు. మామూలు హ్యాండీక్యాప్ రేసుల్లో మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెట్టి అవకాశాలను సరిచేస్తారు. డెర్బీలో మాత్రం మగ గుర్రాలన్నీ ఒకే బరువుతో, ఆడ గుర్రాలు కొంత తక్కువ బరువుతో పరిగెత్తుతాయి కనుక, ఏ గుర్రపు తండ్రి దూరపు పరుగుల్లో రాణించాడు, తల్లి సంతానంలో ఓర్పు ఎంత అన్న సంగతులు చదువుకున్నవాడికి నిజంగానే పనికొస్తాయి.

మా మామగారితో కలిసి ఆ రేసు పుస్తకం ముందేసుకొని రాత్రి పొద్దుపోయే దాకా వాదించుకున్న సందర్భాలు నాకున్నాయి. ఆయనా నేనూ అంత మనసు విప్పి మాట్లాడుకున్నది మరే విషయంలోనూ లేదు. తలా రెండు వేలు పెట్టి ఇంట్లో అందరూ ఒకే గుర్రం కోసం కేకలు వేయడంలో తప్పేమిటో నాకు అర్థం కావడం లేదు.

పెద్దకోడలు:

పాలకొల్లు వారు రేసు గురించి చెప్పినదంతా నిజమే కావచ్చు, కాని సైదాబాద్ వారు అడిగినది రేసు గురించి కాదు. ఆ రెండు వేలు ఎవరివి, ఏ పరిస్థితిలో ఇచ్చారు అన్నదే అసలు సంగతి. పండక్కి వచ్చిన ఆడపడుచు భర్త అందరి ముందూ చెయ్యి చాపినప్పుడు, ఆ ఇంట్లో కాదనగలిగిన మనిషి ఒక్కరైనా ఉంటారా? అత్తగారు కాదనలేదు, బావమరిది కాదంటే చిన్నబుచ్చినట్టవుతుంది, ఇక కోడలు నోరు తెరిస్తే పండగ పూట అపశకునం మాట్లాడిందంటారు. బయటివాళ్లతో ఆడేటప్పుడు ఇష్టం లేకపోతే లేచి వచ్చేయవచ్చు. చుట్టాల ఇంట్లో అలా లేచి వెళ్లే దారి ఉండదు.

మా అత్తవారింట ఒక పండక్కి ఇలాగే డబ్బు పోగు చేశారు. మధ్యాహ్నానికి అందరూ ఇచ్చిన మొత్తం పోయింది. పోయినదాన్ని రాబట్టాలని, మా మరిది ఫీజు కోసం దాచిన డబ్బు అప్పుగా తీసుకున్నారు, అదీ పోయింది. ఇచ్చినవాడు తిరిగి అడగలేదు, తీసుకున్నవారు ఎత్తలేదు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు కాని, ఆ తరవాత పండగలకు రాకపోకలు పలచబడ్డాయి. పోయిన మొత్తం పెద్దది కాదు. ఇంట్లో దాని గురించి మాట్లాడుకోవడానికి వీలులేకపోవడమే దాన్ని పెద్దది చేసింది.

ధర్మరాజు కూడా పెదతండ్రి పిలిచాడని హస్తినకు చుట్టంగా వెళ్లినవాడే. పెద్దలు పిలిస్తే కాదనకూడదన్న నియమమే ఆయన్ను పాచికల ముందు కూర్చోబెట్టింది. మన ఇళ్లల్లో రెండు వేల దగ్గర కూడా పనిచేసేది ఆ నియమమే.

లెక్కల మాస్టారు:

మర్యాదల సంగతి పెద్దలు మాట్లాడుకుంటున్నారు కనుక నేను లెక్క మాత్రం చెబుతాను. ఈ చర్చలో అది ఇంతవరకూ రాలేదు.

మొదట, డబ్బు పోగు చేయాలన్న ఆలోచన జాక్‌పాట్ దగ్గరే ఎందుకు పుడుతుందో చూడండి. వరుసగా ఐదు రేసుల్లో గెలిచే గుర్రాలను ముందే చెప్పాలి. ఒక్కో రేసులో ఒక్కో గుర్రాన్నే నమ్ముకుంటే ఒకటే టికెట్టు. భయం కొద్దీ రెండేసి గుర్రాలు వేసుకుంటే 32 కాంబినేషన్లు, మూడేసి వేసుకుంటే 243 అవుతాయి. ఒక మనిషి జేబుకు అది భారం కనుక నలుగురూ కలవాలనిపిస్తుంది. అంటే చుట్టాలను కలుపుతున్నది ఆప్యాయత ఒక్కటే కాదు, ఆ గుణకారం కూడా. ఇంకో గుర్రాన్ని చేర్చాలంటే ఇంకొంత డబ్బు కావాలి, ఆ ఇంకొంత అడగడానికి పక్కనే అత్తగారు ఉంటారు.

రెండవది, టోట్ పనిచేసే తీరు: పడిన డబ్బంతా ఒకచోట చేర్చి, కోత పోగా మిగిలినది గెలిచిన టికెట్లకు పంచుతారు. ఒక గుర్రం గెలుస్తుందని వేసే విన్ పందాల్లో మొత్తం లక్ష రూపాయలు పడ్డాయనుకుందాం. అందులోంచి క్లబ్బు వగైరాల కింద ఇరవై శాతం తీసేస్తారనుకుందాం, మిగిలేది ఎనభై వేలు. ఫేవరెట్ మీద, అంటే జనం అన్నిటికన్నా ఎక్కువగా నమ్మిన గుర్రం మీద, నలభై వేలు పడితే, అది గెలిచినప్పుడు వందకు రెండు వందలు వస్తాయి. ఇప్పుడు పన్ను కలపండి. గుర్రప్పందాల్లో పందెం పూర్తి విలువ మీద 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం జీఎస్టీ అమలైంది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. వంద పందానికి నలభై పన్ను చేరితే, 140 పెట్టి 200 తెచ్చుకున్నట్టు. నష్టం లేకుండా బయటపడాలన్నా ఆ గుర్రం వందకు డెబ్బై సార్లు గెలవాలి. కాని దాని మీద నలభై వేలే పడ్డాయంటే, అక్కడున్న జనమంతా కలిసి దానికి నలభై శాతం అవకాశమే ఇచ్చారన్నమాట. పాలకొల్లు వారి నైపుణ్యాన్ని నేను శంకించను. అయితే ఆ నైపుణ్యం పక్కవాణ్ణి మించితే సరిపోదు, నలభైకీ డెబ్బైకీ మధ్యనున్న ఆ అగాధాన్ని దాటాలి.

మూడవది గెలిచినప్పటి సంగతి. గెలుపు పది వేలు దాటితే 30 శాతం ఆదాయపు పన్ను అక్కడే పట్టుకొని మిగిలినది ఇస్తారు. ఉదయం నుంచి పోగొట్టుకున్న టికెట్ల నష్టాన్ని ఆ గెలుపులోంచి తీసివేసి లెక్క చూపడానికి చట్టం ఒప్పుకోదు. గెలిచిన టికెట్టు డబ్బు తీసుకున్నవారి పాన్ నంబరు మీద ఆదాయం నమోదవుతుంది. నలుగురి డబ్బుతో గెలిచినది బావగారి ఒక్కరి ఆదాయంగా కనిపిస్తే, పన్ను పోగా పంచాలా, పోకముందు లెక్క ప్రకారం పంచాలా అన్న తగాదా రాదని ఎవరు చెప్పగలరు? ఓడితే మాట్లాడుకోలేకపోవడం గురించి పెద్దకోడలు గారు చెప్పారు. గెలిచినా చిక్కే.

పాలకొల్లు అల్లుడు:

మాస్టారి లెక్కకు నా దగ్గర జవాబు లేదు. దీన్ని సంపాదన మార్గమని నేనూ అనలేదు. సినిమాకు వెళితే టికెట్టు డబ్బు తిరిగి రావాలని ఎవరం ఆశించం కదా, డెర్బీ రోజుకు పెట్టే రెండు వేలనూ నేను అలాగే చూస్తాను. పెద్దకోడలు గారి ఇంట్లో జరిగినది బాధాకరం. అక్కడ హద్దు దాటింది అప్పు తీసుకున్నప్పుడు, మొదట అందరూ కలిసి ఇచ్చినప్పుడు కాదు.

అయితే ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. మేనల్లుణ్ణి రేసులకు తీసుకువెళ్లడం చెడగొట్టడమే అన్నట్టు మాట్లాడటం నాకు సమ్మతం కాదు. ఆన్‌లైన్ పందాలను తెలంగాణ 2017లోనే తన జూద చట్టాన్ని సవరించి నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. అయినా ఆ వయసు కుర్రాళ్లు గదిలో తలుపు వేసుకొని ఫోనులో ఏం చేస్తున్నారో మనకు తెలియదు. అలా చాటుగా నేర్చుకోవడం కన్నా, పెద్దవాడి పక్కన నిలబడి, చేతిలో ఉన్న నోట్లు అయిపోతే ఆట కూడా అయిపోతుందని పట్టపగలు చూడటం మేలు కాదా?

పెద్దకోడలు:

ఆ పెద్దవాడు ఓడిన తరవాత కూడా నోట్లు అయిపోయాయని ఆగేవాడైతే మేలే. ఆగుతాడో లేదో ముందుగా ఎవరికి తెలుసు? మా ఇంట్లో మరిది పక్కన నిలబడిన పెద్దవారు కూడా ఆగేవారేనని మేమందరం అనుకున్నాం. ఇక సినిమా సంగతి అన్నారు కనుక చెబుతున్నాను. సినిమా టికెట్టు కొన్న మా అత్తగారికి ఆ డబ్బు ఖర్చయిందని కొన్న క్షణంలోనే తెలుసు. జాక్‌పాట్‌కు ఇచ్చినప్పుడు అల్లుడు తెచ్చిపెడతాడనే ఇచ్చింది. ఇచ్చినవారి మనసులో అది ఖర్చు కానప్పుడు, తీసుకున్నవారు దాన్ని ఖర్చుగా చూడటానికి వీల్లేదు.

సైదాబాద్ మేనమామ:

అందరికీ కృతజ్ఞతలు. పాలకొల్లు వారు ప్యాడక్ గురించి రాసినది చదివాక మా బావగారు అక్కడ ఏం చూస్తారో నాకు కొంత తెలిసింది. ఆయన ఆనందాన్ని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు ముందూ లేదు, ఇప్పుడూ లేదు.

అయినా నా అభిప్రాయం మారలేదు, ఇంకా గట్టిపడింది. చట్టం ఒప్పుకుంటుందా, నైపుణ్యం ఉందా అన్న రెండు ప్రశ్నలకూ అవుననే జవాబు వచ్చినా, మా అమ్మ పింఛను డబ్బు ఆ టికెట్టులోకి వెళ్లవలసిన కారణం ఆ రెండింటిలోనూ లేదు. కాబట్టి డబ్బు కలపడం మా ఇంట్లో జరగదు. ఈ మాట పండగ రోజున అందరి ముందూ చెబితే బావగారికి తలవంపు అవుతుంది కనుక, ఆయన భీమవరంలో బయలుదేరక ముందే నేను ఫోన్ చేసి చెబుతాను. అమ్మ పేరు ఎత్తను, అభ్యంతరం నాదేనని చెబుతాను. డెర్బీకి ఆయనతో నేను వెళతాను, ఎవరి డబ్బుతో వారం ఆడతాం. విన్ టికెట్టో, మొదటి కొన్ని స్థానాల్లో వస్తే చాలనే ప్లేస్ టికెట్టో ఏదైనా సరే, ఒకరి కాంబినేషన్ కోసం ఇంకొకరి జేబు వెతకవలసిన అవసరం ఉండదు. తెచ్చుకున్నది అయిపోతే ఇద్దరమూ మెట్రోలో ఇంటికి వచ్చేస్తాం.

మా అబ్బాయి విషయంలో మాత్రం పాలకొల్లు వారితో ఏకీభవించలేను. ఫోనులో చాటుగా ఆడుతున్నాడేమో అన్న అనుమానం ఉంటే, తండ్రిగా నేను వాణ్ణి కూర్చోబెట్టుకొని అడగాలి, రేసులకు తీసుకువెళ్లడం ఆ అడగడానికి బదులు కాదు. వాడు సంపాదిస్తున్నాడు, మేజరు, రేపు తనంతట తాను వెళితే ఆపే హక్కు నాకు లేదు. కాని మామయ్య రమ్మన్నారని, కాదంటే బాగుండదని వెళ్లకూడదు. నేను ఫోన్‌లో మాట్లాడేటప్పుడు వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకొని, వస్తావా రావా అన్నది వాడి నోటితోనే బావగారికి చెప్పిస్తాను. వస్తానంటే మాస్టారి లెక్క ముందు రోజు రాత్రి కాగితం మీద వేసి చూపిస్తాను.